సముద్రం దాకా పోనివి

గాసిని గెడ్డ తీసుకుపోయి ఏడాది దాటింది. కాఫీ తోట నుంచి వస్తూ జోరువానలో ఆ కొండవాగు దాటబోయి కొట్టుకుపోయాడు. ఊరివాళ్లు, పోలీసులు కలిసి కొన్నాళ్లు వెతికారు. ఆఖరికి ఒక అధికారి, "ఈపాటికి సముద్రంలో కలిసిపోయుంటాడమ్మా" అని చెప్పి జీపెక్కాడు. అతని భార్య సోములమ్మ సరేనంది. ఏడవలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే లేచి గెడ్డ ఒడ్డున కొంత దూరం నడిచి వస్తోంది.

ఈ చలికాలం హుకుంపేట దగ్గర అదే గెడ్డ మీది వంతెన కింద వల కట్టడానికి విశాఖపట్నం నుంచి బిందుమాధవి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఈ కొండల్లోంచి ఏటా ఎంత ప్లాస్టిక్ సముద్రానికి చేరుతుందో అంచనా కట్టాలట. వలలో పడినదాన్ని వేరుచేసే పనికి సోములమ్మను పెట్టుకుంది. చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు, షాంపూ ప్యాకెట్లు. మగవాళ్ల చెప్పు వస్తే మాత్రం సోములమ్మ కాసేపు చేత్తో పట్టుకుని, పక్కన పడేసేది.

ఒకరోజు అడిగింది. "మేడం, ఇదంతా సముద్రానికి పోతాదని మీకెలా తెలుసు?"

"తెలీదు. పోతుందనుకుని లెక్క కడతారు" అంది బిందుమాధవి. "ఒకరి లెక్కకీ ఇంకొకరి లెక్కకీ పదింతలు తేడా. ప్లాస్టిక్ లేదని కాదు. కానీ ఆ అంకెల మీద నాకు గురి లేదు. అందుకే వచ్చాను."

మర్నాడు ఇద్దరూ ఖాళీ సీసాలకు నారింజరంగు పూసి నీళ్లలో వదిలారు. కొన్నాళ్లాగి, వాటిని వెతుక్కుంటూ దిగువకు నడిచారు. వెదురు పొదల్లో ఉన్నాయి. రాళ్ల సందుల్లో ఉన్నాయి. ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. దిగువన ఉన్న డ్యాం నీళ్ల దాకా చేరినవి బహు కొద్ది. డ్యాం దాటి ఒక్కటీ కనబడలేదు.

"చూశారా, చాలావరకు ఇక్కడే ఉండిపోతోంది!" అంది బిందుమాధవి ఉత్సాహంగా.

సోములమ్మ ఇసుక వంక చూస్తూ, "అయితే మా ఆయన కూడా సముద్రానికి పోనేదు గావాల" అంది.

బిందుమాధవికి అర్థం కాలేదు. "మీ ఆయనా?"

"నిరుడు వానల్లో గెడ్డలో పోనాడు. సముద్రంలో కలిసిపోనాడని సెప్పీసినారు."

బిందుమాధవి ఆమె పక్కన ఇసుకలో కూలబడింది. "నేనేమీ చెప్పలేను సోములమ్మా. సీసా వేరు, మనిషి వేరు. వానల్లో ఆ వడీ వేరు."

"సెప్పొద్దు మేడం. ఆ సెప్పినోలకీ తెల్దు, మీకూ తెల్దు. అది సాలు."

పోయినవాళ్లకు రాయి నిలబెట్టడం సోములమ్మ వాళ్ల ఆచారం. గాసి సముద్రంలో ఉన్నాడన్న మాట మీద, రాయి ఎక్కడ పెట్టాలో తేలక ఆ పని ఆగిపోయి ఉంది. ఊరికి వచ్చాక సోములమ్మ మరిది ఫల్గుణను పిలిచి, గెడ్డ ఒడ్డునే రాయి పెట్టమంది. పెద్దలు ఒప్పుకున్నారు.

గొయ్యి తవ్వాక ఫల్గుణ అడిగాడు. "వదినా, ఏ పక్కకి తిప్పి పెట్టమంటావు? సముద్రం పక్కకా?"

"ఎటైనా పరవానేదు."

రాయి నిలబడింది. సోములమ్మ చుట్టూ మట్టి పోసి, కాలితో తొక్కి గట్టిచేసింది. అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఆమె కూడా వాళ్ల మధ్యే కూర్చుని, పెట్టింది తింది.