ఎంగిలి కాని బండి

"ఏం దుర్గన్నా, నీ లారీకి ఇప్పుడు ఎన్నో నెల?"

ఓదెలు రోజూ అడిగే ప్రశ్నే ఇది. ఉస్మాన్‌గంజ్‌లో తలుపులూ కిటికీలూ చేసే ఒక కార్ఖానాలో దుర్గయ్యా ఓదెలూ పక్కపక్కనే నిలబడి రందాతో చెక్క నునుపు చేసేవాళ్ళు. ఓదెలు అడగడం, తక్కినవాళ్ళు నవ్వడం, దుర్గయ్య తల ఎత్తకుండా చెక్క మీది పొట్టు ఊదుకోవడం చాలాకాలంగా జరుగుతున్నదే.

"ఏనుగైనా ఈపాటికి ఈనేది గదనే" అనేవాడు ఓదెలు.

"ఈనుతది తియ్. జున్నుపాలు ముందు నీకే పోస్త" అనేవాడు దుర్గయ్య.

ఆ లారీ అతనికి దొరకడం ఒక వింత. ఎవరో జాగీర్దారు దేవిడీలో తలుపులు బాగుచేయడానికి పోతే, పెరట్లో యుద్ధకాలపు చిన్న లారీ ఒకటి కనిపించింది. పైన డబ్బా లేదు. నాలుగు చక్రాలూ, ఇనుప చట్రమూ, ముందర ఇంజనూ, ఇంజన్ సందులో గుడ్లు పెడుతున్న ఒక కోడీ. దుర్గయ్య పని మానేసి దాని చుట్టూ తిరిగాడు. చివరికి కూలికి బదులు దాన్నే అడిగి తెచ్చుకున్నాడు.

పగలంతా చెక్కతో పని. చెక్క నోరు లేనిది. కొయ్యమంటే కోయించుకుంటుంది, నునుపు చేస్తే నునుపవుతుంది. ఇంజన్ అలా కాదు. దగ్గుతుంది, అలుగుతుంది, ఎంత బతిమాలినా పలకదు, ఉన్నట్టుండి పలుకుతుంది. సాయంత్రం ఛత్రినాకలో ఇల్లు చేరగానే దుర్గయ్య చేతులకు అంటిన సరేసు జిగురు కడుక్కుని, మళ్ళీ అవే చేతులు నల్లటి ఆయిల్‌లో ముంచేవాడు. కార్ఖానా వెనక లారీలు బాగుచేసే మహబూబ్ భాయ్ ఆదివారాలు వచ్చి పని నేర్పేవాడు. ఒక ఆదివారం ఆ ఇంజన్ పలికింది. దుర్గయ్య కర్రపెట్టె ఒకటి చట్రం మీద వేసుకుని దాని మీద కూర్చుని, అమ్మవారి గుడికి పోయే ఎత్తు రోడ్డు, చడావు ఎక్కించాడు. మేకపిల్ల గుట్ట ఎక్కినట్టు చకచకా ఎక్కేసింది.

పైన గుడి ముందు ఆగి, దండం పెట్టుకుని మొక్కాడు: "తల్లీ, దీని మీద నీకు మేడ కడత. బోనాలకు నీ పలారం బండిని ఈ ఇంజనే గుంజుతది. నువ్వు ఎక్కేదాక ఇంకెవ్వల్ని ఎక్కనియ్య."

బోనాల పండుగకు ప్రతి బస్తీ ఒక బండిని అలంకరించి, అమ్మవారి పటం పెట్టి, ఇంటింటి నుంచి వచ్చిన ఫలహారాలు నింపి, డప్పుల మోతతో గుడికి తీసుకుపోయి చుట్టూ తిప్పుతుంది. అదే ఫలహారం బండి. దుర్గయ్య బస్తీ బండిని తాతల కాలం నుంచి కైలాసం ఇంటి ఎడ్లే లాగుతున్నాయి. కైలాసం పాలవ్యాపారి. బర్రెలున్నవాడు, మాట చెల్లేవాడు. ఎవరితోనూ కోపంగా మాట్లాడి ఎరగడు. దుర్గయ్య మొక్కు సంగతి విని అతను కోప్పడతాడని అందరూ అనుకున్నారు. అతను నవ్వాడు.

"మంచిది గద! నా ఎడ్లు ముసలివైనయ్. అమ్మ గూడ మోటరెక్కాలె" అన్నాడు.

దుర్గయ్య మేడ కట్టడం మొదలుపెట్టాడు. కూలగొట్టిన పాత ఇళ్ళ టేకు దూలాలు ఎక్కడ దొరికితే అక్కడ కొన్నాడు. చేవ తప్ప మరొకటి ముట్టలేదు. అడుగున మందపాటి పలకలు, నాలుగు మూలలా లావాటి స్తంభాలు, మీద గోపురంలా కప్పు, చుట్టూ వేపాకు చెక్కిన అంచులు. ఎక్కడా ఇనుప మేకు లేదు, నట్టు లేదు. చెక్కలోకి చెక్క దిగేసి, చెక్క చీలలు కొట్టి, సరేసుతో బిగించాడు. చూడవచ్చినవాళ్ళకల్లా ఆ మాటే చెప్పేవాడు. "ఒక్క మేకు చూపియ్ భాయ్, నా చెయ్యి నరుక్కుంట" అనేవాడు.

మహబూబ్ భాయ్ ఒక స్తంభాన్ని ఊపి చూసి పెదవి విరిచాడు.

"దుర్గా భాయ్, ఇంజన్ బుడ్ఢా హై. గింత బరువు గుంజది. మామిడి చెక్క ఎయ్యి, పల్చగ ఎయ్యి."

"మామిడి చెక్క పండ్ల డబ్బాలకు ఏస్తరు భాయ్. అమ్మ కూసునే కాడ ఏస్తమా?"

"అరే, నీ అమ్మ పైన కూసుంటది. కింద ఉండి గుంజేది ఈ ముసలోడే గద!"

"ఆమెను మోసేకాడ బలం ఆమెనే ఇస్తది."

మహబూబ్ భాయ్ చేతులు తుడుచుకుని తన పనిముట్లు సర్దుకున్నాడు. దేవుడి మాట వచ్చాక ఇంకొకరి దేవుడితో వాదించడం ఆయనకు ఇష్టం ఉండదు. అదే సంగతి భార్య సుందరమ్మ మరోలా అడిగింది: "ఆమె ఏమన్నా టేకు గావాలని నిన్ను అడిగిందా?" ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం ఏరుతూ అలవాటు కొద్దీ ఆ పలకల మీద కూర్చుంటే, దుర్గయ్య జబ్బ పట్టి కిందికి గుంజాడు. చాట ఎగిరి బియ్యమంతా మట్టిపాలైంది. "అమ్మకు పెట్టేదాన్ని ఎంగిలి చేస్తవా?" అని గల్లీ అంతా వినబడేటట్టు అరిచి, పసుపునీళ్ళతో పలకలు కడిగాడు. ఆమె కూర్చుని మట్టిలోంచి బియ్యం ఏరుకుంది.

ఆషాఢం వచ్చింది. పండుగకు ముందు కైలాసం బండి చూడవచ్చాడు. మిగిలిపోయిన పలక ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తబోయి, సగంలోనే దింపాడు. పశువుల బరువూ బండ్ల బరువూ చూసి బతికినవాడు. అతని కళ్ళు ఒకసారి ఇంజన్ వైపు పోయి వచ్చాయి.

"మేడ కట్టినంక ఒక్కసారన్న చడావు ఎక్కించి చూసినవా?"

"అట్లెట్ల కైలాసమన్నా? నైవేద్యం ఉప్పు చాలిందా అని ముందు మనం నాకి చూస్తమా?"

కైలాసం క్షణం ఆలోచించి తల ఊపాడు. "నిజమే. తప్పు. అస్సలు ముట్టుకోకు" అన్నాడు. పోతూ పోతూ బస్తీ పెద్దలందరికీ ఈసారి ఎడ్లు వద్దని, దుర్గయ్య లారీయేనని తానే చెప్పిపోయాడు.

పండుగనాడు సన్నగా తుంపర. లారీకి మామిడాకులు, బంతిపూలు కట్టారు. అమ్మవారి పటం ఎక్కింది. గంపలకొద్దీ ఫలహారాలు ఎక్కాయి. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. ఓదెలు కూడా నోరు తెరిచి చూశాడు. చదును నేల మీద లారీ పెళ్ళినడక నడిచింది. ముందు డప్పులు, పోతరాజు, బోనాలెత్తిన ఆడవాళ్ళు. దుర్గయ్య తలపాగా చుట్టుకుని స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఆ కాసేపూ అతనంత సుఖపడ్డవాడు ఆ బస్తీలో లేడు. వెనకాల కైలాసం ఎడ్లు, కొమ్ములకు రంగులు పూసుకుని, ఖాళీ బండి కట్టుకుని వస్తున్నాయి. ఊరికే ముచ్చటకు అన్నాడు కైలాసం.

చడావు మొదట్లోనే ఇంజన్ గొంతు మారింది. కొంచెం ఎక్కింది, మూలిగింది, ఆగింది. కాలిన వాసన వచ్చింది. బండి వెనక్కి జారబోతే చక్రాల కింద రాళ్ళు వేశారు. మళ్ళీ హ్యాండిల్ తిప్పారు. మళ్ళీ అంతే. పదిమంది భుజాలు పెట్టి నెట్టారు. తడి నేల మీద వాళ్ళ కాళ్ళే జారాయి.

"పురిటి నొప్పులు మొదలైనయ్! మంత్రసానిని పిలువుండ్రి!" అని అరిచాడు ఓదెలు. డప్పులవాళ్ళు కూడా కొట్టడం మాని నవ్వారు.

"పలకలు ఇప్పి బరువు తగ్గియ్" అన్నారెవరో.

"ఎట్ల ఇప్పుతడు? మేకు లేదు, నట్టు లేదు అని ఊరంత చెప్పుకునె గద. ఎవడన్న మేకు చూపిస్తే చెయ్యి నరుక్కుంటడట!"

కైలాసం నెమ్మదిగా ముందుకొచ్చి దుర్గయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకు. లారీకే నా ఎడ్లను కడదం. నువ్వు స్టీరింగ్ కాడ కూసో, దండ ఏస్తం. మొగోనివి, నువ్వే నడిపినట్టుంటది."

జనం ఘొల్లుమన్నారు. దుర్గయ్య హ్యాండిల్ వదల్లేదు. "ఇంజనే గుంజుతదని మొక్కిన అన్నా" అన్నాడు.

"మరైతే నీ ఇష్టం. అమ్మను ఎంతసేపని నడిబజార్ల నిలబెడతం? జర సేపు నా బండిల పెడత. నువ్వు తేలిక చేసుకో, మళ్ళ ఎక్కిద్దం."

పటం దిగింది. గంపలు దిగాయి. దుర్గయ్య నమ్మాడు. పక్కనే కట్టెల అడితి ఉంది. ఓదెలు పరుగున పోయి అందులోంచి గొడ్డలి తెచ్చి చేతికిచ్చాడు. అతను నవ్వుతూనే తెచ్చాడుగాని, దుర్గయ్య నిజంగా దాన్ని పైకెత్తేసరికి, "అరే, ఉత్తగ తెచ్చిననే..." అని వెనక్కి తగ్గాడు.

మొదటి దెబ్బకు గొడ్డలి తిరిగి ఎగిరింది. అంత చేవ. తన పనితనం ఎంత గట్టిదో దుర్గయ్యకు అప్పుడే తెలిసింది. కీళ్ళు ఎక్కడున్నాయో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. వెతికి వెతికి ఆ కీళ్ళ మీదే కొట్టాడు. స్తంభాలు కూలాయి. గోపురం పక్కకు ఒరిగి రోడ్డు మీద పడి పగిలింది. వేపాకు అంచులు కాళ్ళ కింద చిట్లాయి. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అడుగు పలకలు మాత్రం ఉంచాడు, తల్లి కూర్చోవడానికి.

తల ఎత్తి చూస్తే ఎడ్లబండి ఎక్కడా లేదు. డప్పులు పైన ఎక్కడో మోగుతున్నాయి.

గొడ్డలి పడేసి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ అందుకుంది. బండి కదిలింది. ఆగకుండా, మూలగకుండా, ఆ మొదటి ఆదివారంలాగే చడావు పట్టింది. "ఎక్కుతున్నదిరో!" అని కేకలు లేచాయి. కల్లు తాగి ఊగుతున్న పోరగాళ్ళు నలుగురైదుగురు ఎగిరి పలకల మీదికి దూకారు. వాళ్ళను చూసి ఇంకొందరు దూకారు. చెప్పులతో, బురద కాళ్ళతో తీన్‌మార్ చిందులు మొదలయ్యాయి.

"దిగుండ్రి! అమ్మ ఎక్కలే ఇంక! కాళ్ళు మొక్కుత, దిగుండ్రిరా!"

ఇంజన్ మోతలో, వాళ్ళ కేకల్లో అతని గొంతు ఎవరికి వినబడుతుంది? హుషారు చేస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా ఎగిరారు. ఆపి దింపుదామంటే, చడావు నడుమ ఆగిన ఇంజన్ మళ్ళీ లేస్తుందో లేదో. కాలు బ్రేకు మీద పెట్టాడు, తీశాడు. ఏడుస్తూ నడిపాడు.

గుడి ముందు కైలాసం బండికి అప్పుడే హారతి ఇస్తున్నారు. వాలంటీరు ఒకడు కర్ర అడ్డం పెట్టాడు. "లారీ ఇటెందుకు తెస్తివి? పలారం బండ్లకే దారి."

"ఇదే పలారం బండి."

"పలారం ఏది మరి?"

దుర్గయ్య దిగి కైలాసం దగ్గరికి ఉరికాడు. "అన్నా, ఎక్కింది అన్నా! ఇంజనే ఎక్కించింది! పటం ఇటు ఇయ్యి. ఒక్క చుట్టు తిప్పుకొస్త."

కైలాసం లారీ వైపు చూశాడు. పలకల మీద బురద అడుగులు, ఎవడో ఉమ్మిన పాన్ ఎర్రగా. అతను గొంతు పెంచలేదు. అందరికీ వినబడేటట్టు మాత్రం అన్నాడు. "ఇంతమంది తొక్కిన ఎంగిలి మీదనా అమ్మను పెట్టేది? నైవేద్యం నాకి చూడొద్దని నువ్వే అంటివి గద దుర్గయ్యా."

చుట్టూ ఉన్న పెద్దమనుషులు తలలూపారు. వాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అందరూ పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నవాళ్ళే. దుర్గయ్యకు కూడా అందులో తప్పు కనబడలేదు. అదే అతన్ని నిలబెట్టి కోసింది.

సుందరమ్మ బోనంతో వరుసలో నిలబడి ఉంది. బోనం మీద దీపం ఇంకా వెలుగుతోంది. అతను తలపాగా విప్పి, దాంతో ఒక పలక తుడిచి, ఆమె దగ్గరికి పోయాడు.

"నీ బోనమన్న పెట్టు దీని మీద. ఒక్క గడియ. అమ్మకు చెప్పుకుంట."

ఆమె లారీని చూసింది. అతన్ని చూసింది. తల కదిలితే దీపం ఆరుతుందన్నట్టు మెడ నిటారుగా పెట్టి అంది:

"నా మొక్కు నాది. నీ మొక్కు సంగతి నువ్వు జూసుకో."

వరుస ముందుకు కదిలింది. ఆమె కూడా కదిలింది.

వెనక ఇంకో బస్తీ బండి వచ్చి నిలబడింది. వాలంటీరు కర్రతో బోనెట్ మీద కొట్టి, "తియ్యవయ్యా, తియ్యి" అన్నాడు. దుర్గయ్య లారీ తిప్పుకున్నాడు. దిగేటప్పుడు ఇంజన్ అవసరం పడలేదు. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే అదే దిగింది. చడావు మొదట్లో కొందరు ఆడవాళ్ళు టేకు ముక్కలు ఏరి కొంగుల్లో కట్టుకుంటున్నారు, తుంపరలో ఇంకా తడవకముందే పొయ్యికి పనికొస్తాయని. ఒకామె బరువైన మోపు నెత్తికెత్తుకుని, రోడ్డు దాటాలని చెయ్యి ఎత్తింది.

దుర్గయ్య బండి ఆపి, ఆమెను దాటనిచ్చాడు.