సరస్సు అడుగున ఆరు పళ్ళేలు

ఎల్రాయ్ జన్మలో చేసిన దొంగతనం ఒక్కటే. అదీ పరాయి ఇంట్లో కాదు, కట్టుకున్న పెళ్ళాం అలమరలో.

ముప్పై మూడేళ్ళ కిందటి మాట. భార్య ఆర్డిస్ చెల్లెలి పురిటికని గ్రీన్ బే వెళ్ళిన వారంలో, ఆవిడ తల్లి ఇచ్చిన పన్నెండు పింగాణీ పళ్ళేల్లో ఆరింటిని పట్టుకుపోయి ఊరి పక్కనున్న విన్నెబాగో సరస్సు అడుగున పరిచి వచ్చాడు. తాగి చేసిన పని కాదు, పిచ్చెక్కీ కాదు. ఫిబ్రవరిలో గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె పెట్టుకుని, ఐసుకి కన్నం కోసి, స్టర్జన్ అనే పెద్ద చేప కోసం బల్లెంతో కాపు కాసే వాళ్ళందరికీ ఉన్న చిక్కే అతనికీ ఉంది. అడుగున బురద నలుపు, చేప వీపు నలుపు. నలుపు మీద నలుపు వెళ్తుంటే ఏ కంటికి ఆనుతుంది? అందుకని అడుగున తెల్లటిదేదో ఒకటి పరవాలి. కొందరు గుడ్డు పెంకులు చల్లుతారు, కొందరు తెల్ల పైపులు దించుతారు. ఎల్రాయ్‌కి అవేవీ ఆనలేదు. ఒక్కో పళ్ళేనికీ తీగతో చట్రం అల్లి, జానెడేసి ఎడంగా ఒకే తాడుకి వరసగా కట్టి దించాడు. సీజన్ అయ్యాక లాగి, కడిగి, చప్పుడు కాకుండా అలమరలో సర్దెయ్యొచ్చనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఆర్డిస్ తిరిగొచ్చిన ఆదివారమే పాస్టరుగారి కుటుంబం భోజనానికి వచ్చింది. ఎనిమిది మంది మనుషులు, ఆరు పళ్ళేలు. ఆర్డిస్ ఆ పూట నవ్వుతూనే వడ్డించింది. తరవాత పదకొండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. పన్నెండో రోజున మాత్రం, బురదలో పొర్లిన పళ్ళెంలో మనింటికొచ్చిన వాళ్ళకి పెట్టను, నీ చేపలకే పెట్టుకో అంది. అప్పటినుంచి ఆరు పళ్ళేలు అలమరలో, ఆరు షెడ్డులో. ఆరుగురి కంటే ఎక్కువ మంది వస్తే కాగితం పళ్ళేలు వేసేది. ఎందుకు వేసిందో ప్రతిసారీ, అందరికీ, మొదటినుంచీ చెప్పేది. ఆ గుడిసెలో మాత్రం కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుంది.

పోనీ, అన్ని మాటలు పడ్డందుకు ఎల్రాయ్‌కి ఏమన్నా దక్కిందా అంటే, గుండు సున్నా. చేపని కొట్టలేకపోవడం సరే, చాలామంది కొట్టలేరు. అతను అసలు చూడనే లేదు. ముప్పై మూడు ఫిబ్రవరి నెలలు కళ్ళు కాయలు కాచేలా ఆ నీళ్ళలోకి చూస్తే, ఆ మనిషి పళ్ళేల మీదుగా ఒక్క స్టర్జన్ తోక కూడా ఊపలేదు. వంద గజాల అవతల గుడిసె వెర్లిన్‌ది. అతనికి ఏడు చేపలు పడ్డాయి. శుక్రవారం సాయంత్రం బార్లో ఎల్రాయ్ కనిపిస్తే చాలు, మీ ఆవిడ పళ్ళేలు కులాసాయేనా అని పలకరించేవాడు. బారంతా నవ్వేది. ఎల్రాయ్ కూడా నవ్వేవాడు. మనిషి అలాంటివాడు, ఏం చేస్తాం.

పోయిన సెప్టెంబరులో కళ్ళ డాక్టరు అసలు మాట చెప్పాడు. చూపు నడిమధ్యన మచ్చ పడిందట. అది పెరగడమే గాని తగ్గడం ఉండదట. చూపు అంచుల్లో తెలుపూ నలుపూ ఇంకొన్నాళ్ళు తెలుస్తాయట, ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారు ఆర్డిస్ నడిపింది.

"ఒక్కదాన్నయినా చూడకుండానే పోయేట్టున్నాయి ఈ కళ్ళు," అన్నాడు ఎల్రాయ్, చీజ్ ఫ్యాక్టరీ మలుపు దగ్గర. "కొట్టాలని లేదు ఆర్డిస్. చూస్తే చాలు."

బల్లెం లైసెన్సు అక్టోబరు ఆఖరులోపు కొనుక్కోవాలి, ఆ తరవాత దేవుడొచ్చి అడిగినా ఇవ్వరు. ఎల్రాయ్ ఈ ఏడు కొనలేదు. అక్టోబరు ముప్పయ్యో తారీఖున ఆర్డిస్ ఒక్కతే వెళ్ళి తన పేరు మీద కొనుక్కుని వచ్చి, దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అదేమిటని మొగుడడిగితే, బల్లెం నేను పట్టుకుంటా, చూడడం నీ వంతు అంది. ఒట్టు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఫిబ్రవరి రెండో శనివారం తెల్లారేసరికి వాళ్ళిద్దరూ గుడిసెలో ఉన్నారు. కన్నం వెర్లినే మోటారు రంపంతో కోసిపెట్టాడు, డబుల్ కాట్ మంచం అంత. ఎల్రాయ్ తాడు పట్టి పళ్ళేలు దించాడు. తరవాత తలుపు వేశాడు.

ఆర్డిస్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఆ సరస్సు ఒడ్డునే పుట్టింది, అందులోనే ఈత నేర్చుకుంది. దాన్ని లోపలినుంచి ఎన్నడూ చూడలేదు. గుడిసెకి కిటికీ లేదు, దీపం లేదు. తలుపు పడగానే చీకటి కమ్మింది. ఆ చీకట్లో కాళ్ళ దగ్గరి కన్నం మాత్రం వెలగడం మొదలుపెట్టింది. వెలుతురు పైనుంచి రావడం లేదు. ఐసు మీద పడ్డ ఎండ నీళ్ళలోకి దిగి, ఆకుపచ్చగా మారి, కిందినుంచి లేచి మొగుడి గడ్డం మీద పడుతోంది. పద్నాలుగు అడుగుల కింద వాళ్ళమ్మ పళ్ళేలు ఆరూ ఒకే వరసలో, ఎవరో పెద్ద విందుకి బల్ల సర్దినట్టు ఉన్నాయి. ముప్పై మూడేళ్ళుగా ఈ మనిషి చూస్తున్నది ఇదా అనుకుంది ఆవిడ. దీన్నా తను వెక్కిరించింది? సిగ్గేసింది. ఆ సిగ్గు కంటే ఎక్కువగా, ఇంకా చూడాలనిపించింది.

ఎల్రాయ్ తలని ఓ పక్కకి తిప్పి, గింజని చూసే కోడిలా ఓరకంట చూస్తున్నాడు. తిన్నగా చూస్తే మచ్చ అడ్డం. చేతిలో దారం ఉంది, దాని చివర తను చెక్కిన కొయ్య చేప నీళ్ళ మధ్యలో తిరుగుతోంది. చేపని రప్పించేది అదే. పళ్ళేలు కనిపిస్తున్నాయా అని ఆవిడ అడిగింది. తెల్లగా ఆరు మరకలు, అంతే అన్నాడు. అవి చాలన్నాడు.

ఆ వారమంతా పొద్దున ఏడింటికి వెళ్ళడం, మధ్యాహ్నం ఒంటిగంటకి లేవడం. ఒంటిగంట దాటితే బల్లెం ముట్టుకోకూడదు, అది చట్టం. ఏమీ రాలేదు. ఒకసారి పిల్ల చేపలు ఇన్ని మెరుస్తూ వెళ్ళాయి. ఆర్డిస్‌కి నడుం పట్టేసింది, కాళ్ళు కొంకర్లు పోయాయి. అయినా మానేద్దామని ఒక్క రోజు కూడా అనలేదు. మరుసటి శనివారం సాయంత్రం రేడియోలో చెప్పారు, ఏటికింతని పట్టనిచ్చే ఆడ చేపల లెక్క నిండబోతోందనీ, రేపటితో ఈ ఏటికి సరి అనీ. ఎల్రాయ్ రేడియో కట్టేసి, పైయేడు చూద్దాంలే అన్నాడు. పైయేటికి ఆ ఆరు మరకలు కూడా మిగలవని ఇద్దరికీ తెలుసు.

ఆఖరి రోజు పదకొండు గంటలకి వెర్లిన్ సాసేజీలు పట్టుకొచ్చాడు. వెలుతురు లోపలికి రాకుండా తలుపు సందులోంచే అందించి, ఎల్రాయ్, చేపలకి మీ ఆవిడ భయం ఉన్నట్టుందిరా, అందుకే పళ్ళేల దగ్గరికి రావు అన్నాడు. నీకు లేదు కాబోలు, నువ్వు రాలేదా అంది ఆర్డిస్. వెర్లిన్ నవ్వుకుంటూ పోయాడు.

పన్నెండున్నర దాటింది. సూపు చల్లారిపోయిందని ఆర్డిస్ సణుగుతోంది. అప్పుడు ఎల్రాయ్ మామూలు గొంతుతో, సొరుగులో చెంచా లేదని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"ఆర్డిస్, ఒక పళ్ళెం పోయింది."

తాడు తెగిందేమోనని ఆవిడ వంగి చూసింది. తాడు తెగలేదు. ఎడమ చివరి పళ్ళెం ఉండాల్సిన చోట చీకటి ఉంది. ఆ చీకటి కదులుతోంది.

"రెండోదీ పోయింది," అన్నాడు. గొంతు తగ్గించాడు. "మూడోది."

ముందు ముక్కు వచ్చింది, పార అంత. దాని కింద నాలుగు మీసాలు వేలాడుతున్నాయి. వెనక తల, తల వెనక వీపు మీద గొడ్డలి అంచుల్లాంటి ఎముక పలకలు ఒకదాని తరవాత ఒకటి. వస్తూనే ఉంది. తోక ఎక్కడా కనపడదు. ఇది తనకంటే పెద్దది అనుకుంది ఆర్డిస్, ఒంట్లోనే కాదు, వయసులోనూ. వాళ్ళమ్మ కొత్త కోడలిగా ఆ పళ్ళేలు తెచ్చుకున్ననాటికే ఇది ఈ నీళ్ళలో తిరుగుతూ ఉండి ఉండాలి. ఐసు మీద ఇన్ని వేల మంది, ఇన్ని ట్రక్కులు, ఇంత గోల. ఆ గోలంతటి కింద ఇది తొందరనేది ఎరగకుండా వెళ్తోంది. చర్చిలో కూడా ఆవిడకి అంత భయమూ భక్తీ ఎప్పుడూ కలగలేదు.

"నాలుగోది పోయింది. మొదటిది ఇంకా రాలేదు," అన్నాడు ఎల్రాయ్. "ఆర్డిస్, నాలుగు పళ్ళేలు ఒక్కసారే పోయాయి. అంత ఉందా?"

"అంత ఉంది."

చేప ఆగింది. కొయ్య చేప దగ్గరికి లేచి ముక్కుతో దాన్ని మెల్లిగా తోసింది. ఎల్రాయ్ వేలి మీది దారం కదిలింది. నన్ను తాకుతోందే, తాకుతోంది అని గొణిగాడు.

బల్లెం ఆర్డిస్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆవిడకే తెలీదు. అయిదు మొనలూ నీళ్ళలోకి దిగి ఉన్నాయి. వీపు సరిగ్గా వాటి కింద ఉంది. విసరక్కర్లేదు, వదిలితే చాలు. వదిలితే ముప్పై మూడేళ్ళ ఎగతాళి ఈ రోజుతో సరి, వెర్లిన్ నోరు జన్మకి మూతపడుతుంది. కాని వదిలిన మరుక్షణం బురద లేస్తుంది, నీళ్ళు చిలికిన మజ్జిగవుతాయి, పళ్ళేలు ఆరూ కనపడకుండా పోతాయి. మొగుడు ఇంకా చూస్తున్నాడు. తల పక్కకి వంచి, నోరు తెరుచుకుని, ఉన్న కాస్త చూపుతోటీ చూస్తున్నాడు. ఆవిడ బల్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

చేప ఎంతసేపు ఉందో ఇద్దరూ చెప్పలేరు. తరవాత ఒళ్ళు వంచకుండానే ముందుకి జరిగింది.

"ఒకటి వచ్చింది," అన్నాడు ఎల్రాయ్. "రెండు." అయిదో పళ్ళెం పోయింది, ఆరోదీ పోయింది, మూడోదీ నాలుగోదీ వచ్చాయి. ఆరూ తిరిగొచ్చేసరికి అతను ఏడుస్తున్నాడు. కన్నీళ్ళు కన్నంలో పడుతున్నా తుడుచుకోలేదు.

బయట ఎవరిదో హారన్ మోగింది. ఒంటిగంట.

"బల్లెం ఎందుకు వెయ్యలేదు?" అని అడిగాడు ఎల్రాయ్.

"పళ్ళేలు పగులుతాయని. మా అమ్మవి."

ఎల్రాయ్ ఆవిడ ఉన్న వైపు తల వంచి ఓరకంట చూశాడు. మొహం ఎంత కనిపించిందో గాని, కళ్ళు తుడుచుకుని పకపకా నవ్వాడు. ఆవిడా నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదుకుంది.

ఆ శుక్రవారం బార్లో ఆర్డిస్సే చెప్పింది, నాలుగు పళ్ళేలంత చేప అని చేతులు బార్లా చాపి మరీ. వెర్లిన్ పెదవి విరవబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. అబద్ధమాడే మొహం కాదది. ఇద్దరికీ తనే బ్రాందీ పోయించాడు.

ఈస్టర్‌కి తమతో కలిపి పదకొండు మంది అయ్యారు. ఆర్డిస్ కాగితం పళ్ళేలు తీయలేదు. తీగ చట్రాలు విప్పి, సోడా వేసి తోమి, పన్నెండు పింగాణీ పళ్ళేలూ బల్ల మీద పరిచింది. ఎక్కువైన ఒక్కదాన్నీ ఖాళీగా మధ్యలో ఉంచింది. ఎల్రాయ్ కూర్చుని తన పళ్ళెం అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఒకచోట తీగ గీసిన గాడి తగిలింది. వేలు అక్కడే ఆగింది. తల పక్కకి వంచాడు.

ఆర్డిస్ అవతలినుంచి గరిటెతో హామ్ మాంసం ముక్క వెయ్యబోయింది. అతను పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు ఆర్డిస్. చూస్తున్నా."

మిగతా అందరూ ఆకలితో ఎదురుచూస్తున్నా ఆవిడ కదల్లేదు. ఆ రోజు బల్లెం పట్టుకుని నిలబడ్డట్టే, గరిటె పట్టుకుని అతను చూడడం అయ్యేదాకా నిలబడింది.