పాటకూ పాతకూ ఒకే స్పెల్లింగు

నేను ఒక కంప్యూటర్‌ని. ఇప్పటివాళ్ల అరచేతిలో ఇమిడే రకం కాదు, ఇద్దరు కలిసి ఎత్తాల్సిన రకం. నాలో ఏ భాగం ఏ దేశంలో పుట్టిందో నాకే సరిగా తెలియదు. హైదరాబాదులో ఒక మేడమీద గదిలో అన్నీ కలిపి బిగించి, అట్టపెట్టెలో పెట్టి తెనాలి బస్సెక్కించారు. దిగింది పూర్ణచంద్రంగారి ప్రెస్సులో. పెళ్లికార్డులకు పేరున్న ప్రెస్సు అది.

అక్కడ నా ముందు కూర్చునేది శేషారత్నం. మీట మీద వేలు ఆనీ ఆనకముందే అక్షరం పడిపోయేది. ఆ వేళ్లకు అలవాటుపడ్డాక మరొకరు ముట్టుకుంటే నాకు చిరాకుగా ఉండేది.

ఊళ్లో ప్రెస్సులన్నిటిదీ ఒకటే పద్ధతి. కొత్త కార్డు కొత్తగా మొదలుపెట్టరు. పాత కార్డు తెరిచి, అందులో పేర్లు తుడిచి, కొత్త పేర్లు కొట్టి దాచేస్తారు. అలా ఒకే పందిట్లో వందల పెళ్లిళ్లు చేయించాను. ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో పనుండేది కాదు. అప్పుడు శేషారత్నం వాళ్లమ్మ నాంచారమ్మను వెంటబెట్టుకొచ్చేది. నాంచారమ్మకు చదువు రాదు, పాటలు కట్టడం వచ్చు. కాగితం కట్టల పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెబుతుంటే కూతురు కొట్టేది. ప్రతి చరణానికీ ఆగి, "తర్వాతేంటే అమ్మా?" అనేది.

"ఆగవే, నోట్లోకి రానీ" అనేది నాంచారమ్మ.

ఆ ఫైలుకు శేషారత్నం 'పాట' అని పేరు పెట్టింది. నాకు తెలుగు పేర్లు పట్టవు కనక ఇంగ్లీషు అక్షరాల్లో పీ, ఏ, టీ, ఏ. దానికి నకలు లేదు. ఏటా దసరాకు నాకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టేవారు. ఆ భక్తికి, నకలు తీసుకునే ఫ్లాపీ పెట్టే నోరు ఎప్పుడో మూసుకుపోయింది.

ఆ నాలుగక్షరాలే కొంప ముంచాయి. ఒక శ్రావణమాసంలో శేషారత్నానికి జ్వరమొచ్చింది. పెళ్లివారేమో గుమ్మంలో కూర్చున్నారు. పూర్ణచంద్రంగారే నా ముందు కూర్చుని, ఆ పేరును 'పాత' అని చదువుకుని తెరిచారు. తుడిచేముందు చదివే అలవాటు ఆయనకు లేదు. మొదటి పేజీ తుడిచేసి పెళ్లికార్డు కొట్టారు. మార్పులు దాచమంటారా అని అడిగాను. నేను అడగగలిగింది అంతే. మనుషులు నా ప్రశ్నలు చదవరు, అవునని నొక్కుతారు.

ఆ వారమే నా పవర్ సప్లై కాలిపోయింది. ప్రెస్సుకు కొత్త మెషీన్ వచ్చింది. పారేయబోతున్న నన్ను శేషారత్నం అడిగి రిక్షాలో ఇంటికి తెచ్చుకుంది. "తర్వాత బాగు చేయిద్దాంలే" అంటూ అటకెక్కించింది. ఆ తర్వాత అనేది రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఖాళీ జాడీల మధ్య కూర్చుని, కింద ఆ తల్లీకూతుళ్ల మాటలు వింటూ గడిపాను. ఒక ఏడాది నుంచి కూతురి గొంతు ఒక్కటే వినిపించసాగింది. నాంచారమ్మ ఇక లేదని అలాగే తెలిసింది.

కిందటి నెల శేషారత్నం మనవరాలిని ఊపుతూ వాళ్లమ్మ కట్టిన లాలి ఎత్తుకుంది. రెండు పాదాలు పాడి ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగింది. మర్నాడే నన్ను అటక దింపించి, టీవీలు బాగుచేసే మస్తాన్‌వలి దగ్గరికి తీసుకెళ్లింది.

"కుంకుమతో దీని నోరు కుట్టేశారక్కా" అన్నాడు మస్తాన్‌వలి, నన్ను విప్పి. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాడు. బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టినచోట పాత బ్రష్షుతో తోమాడు. "హార్డ్‌డిస్కు తిరగాలి. అదే చెప్పలేను" అన్నాడు.

పదకొండో రోజు తిరిగింది. తెరమీద తేదీ పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి అని చూపించాను. అప్పటికి నేను పుట్టనేలేదు. శేషారత్నం నవ్వి, మీటల మీద వేళ్లు ఆనించింది. నాకు కావలసింది అదే. కానీ ఆమె 'పాట' తెరుస్తుంటే, ఈ ఒక్కసారికి తెరుచుకోకుండా ఉంటే బాగుండుననిపించింది.

వధూవరుల పేర్లతో పెళ్లికార్డు వచ్చింది.

"ఇదేంటక్కా?" అన్నాడు మస్తాన్‌వలి.

"మా పూర్ణచంద్రంగారు 'పాత' అనుకున్నట్టున్నారు" అంది.

"ఒక్క పేజీయేగా. కిందికి జరపండి."

జరిపింది. రెండో పేజీ నుంచి అన్నీ ఉన్నాయి, ఇరవైరెండు పాటలు. చదువుతూ కళ్లు తుడుచుకుంది, మళ్లీ మొదటికి వచ్చింది. లాలి ఉండాల్సింది అక్కడ. ఆమె పెళ్లికార్డును తుడిచేసి, ఖాళీ పేజీలో కొట్టసాగింది.

ఏరు దాటి నిద్ర వచ్చెను, లాలీ
మా ఊరి తోవ అడిగి వచ్చెను, లాలీ

వేళ్లు ఆగాయి.

"తర్వాతేంటే అమ్మా?" అంది మెల్లగా.

ఒకప్పుడు ఆ మాటకు స్టూలు మీంచి జవాబు వచ్చేది. మస్తాన్‌వలి తల దించుకున్నాడు. నేను మూడో పాదం దగ్గర కర్సర్‌ని నిలిపి ఉంచాను.