అడిగి పుచ్చుకున్న బూట్లు

ఒంటరిగా నడిస్తే రైజేలీకి మోకాళ్ళ నొప్పి. వాసితి పక్కన ఉంటే ఆ నొప్పి తెలిసేది కాదు, నవ్వి నవ్వి పొట్ట నొప్పి మాత్రం పట్టుకునేది.

ఇద్దరికీ చర్చిలో పరిచయం. ఎవరిది ఏ ద్వీపమని ఆరా తీయగానే వరస తేలిపోయింది. రెండు ద్వీపాలకీ మూలదైవం ఒక్కడే, కనుక ఇద్దరూ తౌవూలు. మన వదినా మరదళ్ళ వరస లాంటిదే, కాకపోతే దానికంటే నాలుగాకులు ఎక్కువ చదివింది. తౌవూని ఎంత మాటయినా అనొచ్చు. ఆమె దగ్గర ఏది కంటికి నదరుగా కనిపిస్తే అది అడిగి పట్టుకుపోవచ్చు. లేదనడానికి లేదు. పోగొట్టుకున్నవాళ్ళు నవ్వాలి. కోపం తెచ్చుకుంటే నలుగురిలో పలచనయ్యేది వాళ్ళే. ఆ లెక్కన రైజేలీ గొడుగు వాసితి ఇంట్లో ఉండేది, వాసితి కూర గిన్నె రైజేలీ వంటింట్లో ఉండేది, వానొస్తే ఇద్దరూ తడిసేవాళ్ళు.

తెల్లవారగానే, ఆ ద్వీపాల రాజధాని సువాలో సముద్రపు గట్టు మీద, రొట్టెలమ్మే సుభాగ్వతి బల్ల దగ్గర వాళ్ళ నడక మొదలయ్యేది. మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఎదురెదురుగా నిలబడి, చేతులు చేతులు పట్టుకుని గుంజీలు తీసేవాళ్ళు. కూర్చోవడం ఇద్దరికీ వచ్చు. లేవడమే, ఒకరు లాగితే గానీ ఇంకొకరి వల్ల అయ్యేది కాదు.

“లే వదినా, లే. మా ఆయనతో చెప్పి రేవులోంచి క్రేను పంపిస్తానుండు” అనేది రైజేలీ.

“పొద్దున నిన్ను మంచం మీంచి దింపి అలిసిపోయిందట. ఇవాళ రాలేనంది” అనేది వాసితి, రొప్పుతూ.

వాసితికి చక్కెర జబ్బు. ఆ సంగతి రైజేలీకి తెలుసు. సువాలో ఎవరికి లేదు గనక? మోకాళ్ళ నొప్పి, అత్తగారి పోరు, చక్కెర జబ్బు, ఇవన్నీ ఒక వయసు వచ్చాక ఇంటికి వచ్చే చుట్టాలేనని ఆమె లెక్క.

ఒక సోమవారం వాసితి కొత్త బూట్లతో వచ్చింది. నీలం రంగువి, అడుగున దిండు కుట్టినంత మెత్తన. నాందీ పట్నంలో హోటల్లో పనిచేసే కూతురు పంపిందట. రైజేలీ కాలి కాన్వాసు బూట్లు అప్పటికే ముందువైపు నోరు తెరిచి, అడుగు వేసినప్పుడల్లా ఏదో చెప్పబోయి మానేస్తున్నట్టు ఉండేవి. ఆవేళ నడుస్తున్నంతసేపూ ఆమె చూపు వాసితి కాళ్ళ మీదే ఉంది. వెనక్కి వచ్చి సుభాగ్వతి బల్ల దగ్గర ఆగేసరికి మనసు ఆగలేదు. గట్టు మీద కూలబడి కాళ్ళు చాపింది.

“వదినా, ఆ బూట్లు నా కాళ్ళ కోసం పుట్టినవే. దారి తప్పి నీ కాళ్ళకి వచ్చాయి. ఇలా ఇచ్చెయ్యి.”

రొట్టెలు కొనుక్కుంటున్న ఆడవాళ్ళు నవ్వారు. తౌవూల మధ్య బేరం మంచి వినోదం. సుభాగ్వతి పెనం మీద రొట్టె వదిలేసి మరీ చూసింది.

వాసితి వెంటనే వంగలేదు. ఒక్క క్షణం సముద్రం వైపు చూసింది. పెదవి ఏదో అనబోయినట్టు కదిలింది. ఆ క్షణాన్ని రైజేలీ చూసింది. చూసి, చూడనట్టు తన కాళ్ళ వేళ్ళు ఆడించింది. అప్పటికి వాసితి నవ్వేసి తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

“తీసుకో. నీ కాళ్ళు అందంగా ఉంటేనైనా నీ మొహం ఎవరూ చూడరేమో” అంది.

అందరూ విరగబడి నవ్వారు. రైజేలీ బూట్లు వేసుకుని ఇంటికి పోయింది. వాసితి సుభాగ్వతి దగ్గర రబ్బరు చెప్పులు అరువు తీసుకుని పోయింది.

ఆ తర్వాత కూడా వాసితి రబ్బరు చెప్పులతోనే వచ్చేది. నడక మందగించింది. వెనకబడిపోయేది. రైజేలీ ఆగేది కాదు, ముందుకు పోయి వెనక్కి తిరిగి, నీ బూట్లు నీకంటే ముందు నడుస్తున్నాయి చూడమని కేకేసేది. దానికీ నవ్వేది వాసితి. గుంజీలకి మాత్రం ఇవాళ వద్దులే అనేది. తర్వాత వర్షమంది, ఇంట్లో చుట్టాలంది, తర్వాత కబురు పంపడం కూడా మానేసింది.

రైజేలీకి ఒళ్ళు మండింది. బూట్ల కోసమే మొహం చాటేసిందనుకుంది. తౌవూకి ఇచ్చినదాన్ని తలుచుకుని ఏడ్చే మనిషి కూడా మనిషేనా అని మొగుడి దగ్గర వాదించి, ఆయన ఏమీ అనకపోయినా గెలిచింది. చివరికి నాలుగు కర్రపెండలం దుంపలు సంచిలో వేసుకుని, నాలుగు మాటలు నాలిక చివర పెట్టుకుని, రైవంగ పేటలో వాసితి ఇంటికి బయల్దేరింది. నీలం బూట్లు వేసుకునే వెళ్ళింది, చూసి కుళ్ళుకోవాలని.

గడప బయట బూట్లు విడిచి, వంగి లోపలికి వెళ్ళింది. వాసితి చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. నడుము నుంచి కాళ్ళ దాకా లుంగీలాంటి సులూ గుడ్డ కప్పి ఉంది.

“ఏం వదినా, నా నడక అందుకోలేక పడకేశావా?” అంటూ రైజేలీ ఆ గుడ్డ అంచు పట్టుకుని సరదాగా లాగేసింది.

కుడి పాదమంతా కట్టు. మడమ దాకా తెల్లటి కట్టు. మందు వాసన గుప్పుమంది. నాలిక చివర పెట్టుకున్న మాటలు అక్కడే ఎండిపోయాయి.

“ఏం లేదులే. కాలికి సెలవిచ్చాను” అని వాసితి గుడ్డ సర్దుకుంది. కర్రపెండలం నీలాగే లావుగా ఉందంది. రైజేలీ కాసేపు కూర్చుంది గానీ ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు.

బయటికి వచ్చేసరికి కుళాయి దగ్గర వాసితి భర్త అపెనీసా బిందె కడుగుతున్నాడు. ఏమైంది అన్నయ్యా అని అడిగింది. అతను గొంతు పెంచలేదు. నేల వైపు చూస్తూనే చెప్పాడు. వాసితి అరికాళ్ళలో స్పర్శ పోయి చాలాకాలమైంది. రబ్బరు చెప్పులో రాయి దూరితే, ఇంటికొచ్చి రక్తం చూసేదాకా తెలియలేదు. చెప్పులతో గడప దాటొద్దని క్లినిక్కులో నర్సు గట్టిగా చెబితే, విని పిల్ల ఆ బూట్లు పంపింది. ఇప్పుడు చిటికెన వేలు తీసెయ్యాలంటున్నారు. వేలుతో పోతే పాదం నిలుస్తుందట.

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నయ్యా.”

“ఏమని చెప్పాలమ్మా?” అన్నాడతను. “తౌవూకి లేదని చెప్పాలా?”

గడప పక్కన నీలం బూట్లు ఇంటివాళ్ళవే అన్నట్టు బుద్ధిగా ఉన్నాయి. వాటిలో కాళ్ళు పెట్టలేక చేత్తో పట్టుకుని, బస్సు కూడా ఎక్కకుండా ఇంటికి నడిచింది రైజేలీ. ఆ రాయి వాసితికి తెలియలేదు. ఆమె ఆగిన ఆ క్షణం మాత్రం తనకి తెలుసు. తెలిసే కాలి వేళ్ళు ఆడించింది. ఆ ముక్క ఎవరితోనూ చెప్పుకోలేక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ ఊళ్ళో తప్పు చేసినవాళ్ళకి ఒక దారి ఉంది. దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేర్ల కట్ట పట్టుకెళ్ళి, ఎదుట తల వంచి కూర్చుని క్షమించమంటే అవతలివాళ్ళు అది ముట్టుకుంటారు, తప్పు చెల్లిపోతుంది. రైజేలీ బజారులో మంచి కట్ట చూసి కొంది. బూట్లు శుభ్రంగా తుడిచింది. ఈసారి చేత్తో పట్టుకెళితే తిరిగివ్వడానికి తెచ్చినట్టు కనిపించి వదినకి అవమానమవుతుందని, కాళ్ళకే వేసుకుంది. వాటిని గడప దగ్గర విడిచి, వాసితి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, గొంతు సవరించుకుంది.

“ఇదేమిటే?” అంది వాసితి. “క్షమాపణా? తౌవూకి తౌవూ క్షమాపణ చెప్పుకోవడం ఎక్కడైనా విన్నావా? అంటే నాకు కోపం వచ్చిందనా నీ ఉద్దేశం? నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను?”

“వదినా, తప్పు నాది.”

“మన మధ్య తప్పులుండవు. లే.” అపెనీసాని పిలిచి, ఆ వేర్లు దంచి అందరికీ తాగడానికి కలపమంది. కట్ట అలా వంటింట్లోకి పోయింది. క్షమాపణ ఎవరూ ముట్టుకోకుండా రైజేలీ ఒళ్ళోనే ఉండిపోయింది.

ఆమె కళ్ళు తుడుచుకోవడం వాసితి చూసింది. తర్వాత గడప వైపు గడ్డం చూపించింది.

“సరే, ఇప్పుడు అడిగే వంతు నాది. ఆ బూటు ఇవ్వు.”

రైజేలీ ఒక్క ఉదుటున వెళ్ళి జత రెండూ తెచ్చింది.

“రెండూ ఎవరడిగారు? కుడికాలి సంగతి డాక్టరు చెప్పాలి. ఎడమకాలు ఇంకా నాదే. ఎడమది ఇవ్వు.”

“రెండూ ఉంచుకో వదినా, నీకు దణ్ణం పెడతాను.”

“అడిగింది ఇస్తే వరస. అడగంది కూడా ఇస్తే దానం. నీ దానం నాకెందుకు? ఆ రెండోదీ నాక్కావలసిన రోజున అడుగుతాను. అప్పటిదాకా నువ్వే తొడుక్కో. తొడుక్కునే పోవాలి సుమా.”

ఎడమ బూటు చాప పక్కన పెట్టుకుని, వాసితి దాని తాళ్ళు ముడివేస్తూ కూర్చుంది. రైజేలీ ఒక కాలికి నీలం బూటుతో, ఒక కాలు ఉత్తదిగా వీధిలో పడింది. అడ్డదారిన పోతే ఎవరికీ కనిపించకుండా ఇల్లు చేరొచ్చు. ఆమె గట్టు దారి పట్టింది.

సాయంత్రం నడకవాళ్ళతో గట్టు కిటకిటలాడుతోంది. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు వేడి సిమెంటు మీద. ఏ రాయి ఎక్కడుందో ఉత్త కాలికి ప్రతిదీ తెలుస్తోంది. సుభాగ్వతి దూరం నుంచే చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“రెండోదేదమ్మా?”

“మా వదిన అడిగింది” అంది రైజేలీ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఇప్పుడు రైజేలీ నవ్వాలి. ఆమె సముద్రం వైపు ఒక క్షణం చూసింది. పెదవి కదిలింది. తర్వాత, వాసితి ఆ రోజు నవ్వినట్టే, నవ్వింది.