వదిన అగరొత్తులు, ఇంటిల్లిపాది ముక్కులు

ముందే ఒప్పేసుకుంటున్నా: అగరొత్తులు పొట్లాల్లోనే పుడతాయని చాలాకాలం అనుకున్నదాన్ని నేను. బొగ్గుపొడి, చెక్కపొడి, జిగురుపొడి నీళ్ళతో ముద్దచేసి, వెదురుపుల్లలకి ఒక్కొక్కదానికీ చుట్టి, నీడలో ఆరబెట్టి, ఆఖర్న సెంటునూనెలో ముంచుతారని ఈ వదినా ఆడపడుచుల సంగతి విన్నాకే తెలిసింది.

ఆడపడుచు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టడమే ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఆమె పేరు టెస్టరమ్మ. ఆఫీసు పనిమీద కొన్నాళ్ళు పొరుగూళ్ళో ఉండి, ఆ మధ్యాహ్నం పెట్టె ఈడ్చుకుంటూ మెట్లెక్కింది. రెండో అంతస్తులో ముక్కు మండింది. మూడో అంతస్తులో కళ్ళవెంట నీళ్ళు. ఇంటి తలుపు తోసేసరికి తుమ్ములే తుమ్ములు.

"వచ్చావా టెస్టరమ్మా! కింద చూసుకుని నడువు, పుల్లలు తొక్కేవు," అంది వదిన, చుట్టుడు పీటమీంచి తలెత్తకుండా.

సోఫా నిండా పేపర్లు, పేపర్ల నిండా నల్లటి పుల్లలు. అన్నయ్య సోఫా చేతిమీద ఒంటికాలి కొంగలా సర్దుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం వీధి చివర పూలకొట్టావిడ వస్తోంది. నచ్చితే వదిన అగరొత్తులు తన కొట్లో పెడుతుంది. ఇంటివాళ్ళు కాని మనిషి వాటిని వెలిగించి చూడడం ఇదే మొదలు. ఇంటివాళ్ళ మెచ్చుకోలు మీద వదినకి నమ్మకం లేదు. ఉప్పు మర్చిపోయిన కూరని కూడా బ్రహ్మాండం అన్నారు వాళ్ళు.

"సెంటు ఎంత పోస్తున్నావు వదినా?"

"మొదటి వాయికి కాస్తే పోశా. మీ అన్నయ్య చాల్లేదన్నాడు. పెంచా. తర్వాత అత్తయ్య అసలు వాసనే లేదన్నారు. మళ్ళీ పెంచా."

"ఇప్పటికీ చప్పగానే ఉందే," అంది అమ్మ కుర్చీలోంచి.

అన్నయ్య ఓ పుల్లని ముక్కులో దూర్చుకున్నంత పనిచేసి, "ఇంకో మూతెడు సెంటు పడాలి," అన్నాడు.

టెస్టరమ్మకి అప్పుడు బోధపడింది. పొద్దస్తమానం ఒకటే వాసనలో ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

"మీ ముగ్గురి ముక్కులూ హ్యాంగయ్యాయి. రీస్టార్ట్ చెయ్యాలి."

"జలుబు నీకు పట్టి మమ్మల్నంటావేంటే?" అంది అమ్మ.

"మూడు ఓట్లకి ఒకటి. డిపాజిట్ గల్లంతు," అన్నాడు అన్నయ్య.

వదిన మాత్రం నవ్వలేదు. చేతుల బొగ్గు తుడుచుకుంటూ, "నువ్వైనా బావుందంటావనుకున్నా," అంది.

టెస్టరమ్మ మనసు చివుక్కుమంది. అయినా తగ్గలేదు. "అంటాను. సాయంత్రం ఆవిడ చేత ఎవరనిపిస్తారు? కాసేపు బయట తిరిగొద్దాం రా. వచ్చాక కూడా చప్పగా ఉంటే సీసా మొత్తం నేనే వంపుతా."

బీరువాలో బట్టలకీ అదే కంపు. అందుకని టెస్టరమ్మ తన పెట్టెలోంచి చొక్కా తీసి వదినకిచ్చింది. అది బిగుతై, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ, ఆడపడుచుని తిట్టుకుంటూ వదిన పార్కు చుట్టూ తిరిగింది.

తిరిగొచ్చేటప్పుడు రెండో అంతస్తులో ఠక్కున ఆగిపోయింది. "అబ్బా! ఎవరే ఇలా సెంటుసీసా బద్దలుకొట్టుకున్నారు?"

"పైకెక్కు, తెలుస్తుంది."

మూడో అంతస్తులో వదిన మెట్టుమీద చతికిలబడింది. చొక్కా గుండీ టప్పున ఊడింది. ఏడవబోయి, ఆ గుండీ కిందికి దొర్లుతుంటే నవ్వేసింది. తర్వాత లేచి గబగబా ఇంట్లోకెళ్ళి కిటికీలన్నీ తెరిచి, అన్నయ్య చాల్లేదన్న ఆ మొదటి వాయిని మంచం కిందనుంచి లాగింది. ఒక పుల్ల మెట్లు దిగి వీధి గుమ్మంలోకి తెచ్చి వెలిగిస్తే, కోసిన చెక్క వాసన, దాని వెనకే సన్నగా నిమ్మగడ్డి.

"ఇదే," అన్నారిద్దరూ.

సాయంత్రం పూలకొట్టావిడ వచ్చింది. అదే వాయిలోంచి ఒకటి వెలిగించుకుని, పొగమీదికి వంగి, మొహం చిట్లించింది.

"ఏదమ్మా వాసన? ఘాటు పెంచు, తీసుకుంటా."

"నేను చెప్పలా!" అన్నాడు అన్నయ్య.

సరేనంటే పని అయిపోయేదే. వదిన తల అడ్డంగా ఊపింది.

"పెంచనండీ. మీరు రోజంతా పూలమధ్య ఉంటారు. మీ ముక్కుకీ మా ముక్కులకొచ్చిన జబ్బే. కొట్టు సెలవున్న రోజు, సాయంత్రం దాకా ఆగి ఇంట్లో వెలిగించి చూడండి. అప్పుడూ రాకపోతే నావి మీకొద్దు."

"సరుకు ఇస్తూ వద్దులెమ్మని చెప్పేదాన్ని నిన్నే చూశా," అంటూ ఆవిడ ఒక పుల్ల సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. అన్నయ్య తల పట్టుకున్నాడు.

సెలవురోజు సాయంత్రం ఫోన్ మోగేసరికి వదిన చేతుల నిండా ముద్ద. టెస్టరమ్మ స్పీకర్ నొక్కింది.

"అమ్మాయ్! మా ఆయన, ఎవరో నిమ్మగడ్డి కోస్తున్నారంటూ కిటికీలోంచి తొంగిచూస్తున్నాడు. నాకూ తెలుస్తోంది. ఇవే కావాలి, ఇంతే ఘాటు. ఎప్పుడిస్తావు?"

వదిన నల్లటి చేతులతోనే టెస్టరమ్మని వాటేసుకుంది. మొన్నటి చొక్కాకి వదిన ఒంటిమీద గుండీ ఊడింది, ఇవాళ్టితో రెండో చొక్కా కూడా పోయింది.

మీ ఇంటికీ ఓ వాసన ఉండే ఉంటుంది, వచ్చినవాళ్ళందరికీ తెలిసి మీకు మాత్రం తెలియనిది. అది మీ మొహంమీద చెప్పిన ధైర్యవంతులెవరు? వాళ్ళతో ఇంకా మాటలున్నాయా? రాయండి, చదువుతా.