సిన్యాయెవినా ఎక్కిన రెండు జీపులు

బ్లాజోకు బండి నడపడం రాదు. కానీ ఇంజన్ల గురించి అతనంతగా చదివినవాడు షావ్నిక్ ఊళ్లో ఇంకొకడు లేడు. బడిలో సంగీతం చెప్పే మాస్టారు కాబట్టి అతనికి ఇంజనంటే ముందు శబ్దం, ఆ తర్వాతే యంత్రం. అతని భార్య యాగ్లికా ఆ చుట్టుపక్కల కొండలన్నిటికీ ఉన్న ఒకే ఒక్క పశువుల డాక్టరు. ఆమె పాత జీపుకు అడుగు రేకు తుప్పు తినేసి, కాళ్ల సందులోంచి రోడ్డు కనపడే దశ వచ్చింది. ఇక దాన్ని ఇనుప సామాన్లవాడికి ఇచ్చేసి, ఇంకొకటి కొనక తప్పలేదు.

"ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనే కొనాలి," అన్నాడు బ్లాజో భోజనాల దగ్గర. "అది తిరుగుతుంటే సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించినట్టు ఉంటుంది."

"నాకు వాయించక్కర్లేదు. కొండ ఎక్కాలి, దిగాలి," అంది యాగ్లికా.

మే నెలాఖరులో ఒక శనివారం పొద్దున్నే ఇద్దరూ రొట్టెల వ్యాను పట్టుకుని, సిన్యాయెవినా కొండ కింద ఉన్న పల్లెకు వెళ్లారు. అక్కడ గవ్రిలో అనే అన్న, మిర్చేటా అనే తమ్ముడు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. ఇద్దరి దగ్గరా ఒకే రకం జపాను జీపులు. అక్కడి బండ్లన్నిటిలాగే స్టీరింగు ఎడమ పక్క, గేరు పిడి డ్రైవరు కుడి చేతి వైపు. ఒకే ఏడాది తయారైనవి, రంగు కూడా ఒకటే, ముదురాకుపచ్చ. అన్న గవ్రిలోది డీజిల్, తమ్ముడు మిర్చేటాది పెట్రోలు. గవ్రిలోకు మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కడం కష్టమైంది. మిర్చేటా లారీ కొనుక్కుంటున్నాడు. అందుకని రెండూ అమ్మకానికి వచ్చాయి.

"మాస్టారూ, ముందు నాది వినండి," అన్నాడు మిర్చేటా బానెట్ ఎత్తుతూ. "మా అన్నది తర్వాత వినొచ్చు. మీరు ఇంటికెళ్లిపోయాక విన్నా వినిపిస్తుంది."

తాళం తిప్పాడు. ఇంజను మేలుకుందో లేదో తెలియనంత మెత్తగా తిరగసాగింది. మిర్చేటా రేడియేటరు మీద నీళ్ల గ్లాసు పెట్టాడు. నీళ్లు వణకలేదు. బ్లాజో కళ్లు మూసుకున్నాడు. ఆరు సిలిండర్లూ ఒకరి మాట ఒకరు అందుకుంటున్నట్టు, ఎక్కడా ఖాళీ లేకుండా సాగింది ఆ శబ్దం.

గవ్రిలో తన బండి స్టార్టు చేశాడు. ముందు ఒక దగ్గు, వెనక నల్లటి పొగ, తర్వాత ఇనుప డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు దడదడ. నీళ్ల గ్లాసు పెట్టే సాహసం ఎవరూ చేయలేదు.

"శబ్దం సంగతి వదిలెయ్యండి డాక్టరమ్మా," అన్నాడు గవ్రిలో. "వీడి బండికి బంకు కనపడితే చాలు, దానంతటదే ఆగిపోతుంది. నాది నెలకోసారి తాగుతుంది, అదీ బలవంతం చేస్తే."

"ఎలా తాగుతుంది? నువ్వు దాన్ని బయటికి తీస్తే కదా," అన్నాడు మిర్చేటా.

యాగ్లికా రెండు బండ్ల కిందికీ దూరి చూసింది. తుప్పు లేదు, నూనె కారడం లేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుండగా ఫోను మోగింది. కొండ మీద వేసవి మేతకు మంద తోలుకెళ్లిన స్తానియా అనే ముసలావిడ. తెల్లవారుజాము నుంచి ఆవు నొప్పులు పడుతోందట. దూడ కాళ్లు రెండూ బయటికొచ్చాయి, ముక్కు జాడ లేదట.

"లాగకండి," అంది యాగ్లికా. "ఎవరొచ్చి లాగుతామన్నా లాగనివ్వకండి. నీళ్లు కాచి ఉంచండి. వస్తున్నా." ఫోను పెట్టేసి అన్నదమ్ముల వైపు తిరిగింది. "ఏ బండి ముందు బయల్దేరుతుంది?"

"నాదే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

డీజిల్ గేటుకు దగ్గరగా ఉంది. మందుల సంచీ తీసుకుని ఆమె అందులో ఎక్కింది. ఎక్కడికెళ్లినా ఆ సంచీ లేకుండా వెళ్లదు. బ్లాజో ఎగిరి మిర్చేటా పక్కన కూచున్నాడు.

కంకర దారి మీద పెట్రోలు బండి పక్షిలా పోయింది. ప్రతి మలుపులోనూ ఇంజను స్వరం పెంచుతూ, దించుతూ, అన్నగారి బండిని దుమ్ములో వదిలేసింది. కొండవాలంతా పసుపు పూలు. "చూశారా మాస్టారూ, చూశారా," అంటున్నాడు మిర్చేటా. బ్లాజో చూడటం లేదు, వింటున్నాడు. మనసులో బేరం కూడా అయిపోయింది.

మేత భూమికి ముందు ఒక వాగుంది. మంచు కరిగి నీళ్లు నురగలు కక్కుతున్నాయి. మిర్చేటా ఊపు తగ్గించకుండా దించేశాడు. నీళ్లు బానెట్ మీదికి ఎగిరిపడ్డాయి. అవతలి ఒడ్డు ఎక్కాక ఇంజను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

"ప్లగ్గు వైర్లు తడిశాయంతే," అన్నాడు మిర్చేటా బానెట్ ఎత్తుతూ. "బండి తప్పు కాదు. నేనే నెమ్మదిగా దింపి ఉండాల్సింది."

కాసేపటికి డీజిల్ వచ్చింది. గవ్రిలో దాన్ని నీళ్లలోకి దించిన తీరు, చంటిపిల్లను తొట్టిలో దించినట్టు ఉంది. దడదడ మారలేదు, వేగం మారలేదు. ఒడ్డెక్కి పక్కన ఆపి అద్దం దించాడు.

"స్నానం అయిందా తమ్ముడూ? తల బాగా తుడుచుకో, జలుబు చేస్తుంది."

"నువ్వెక్కు బ్లాజో," అంది యాగ్లికా. "నాకు తాడు పట్టుకునే మనిషి కావాలి."

అక్కణ్ణుంచి దారి లేదు. ఒట్టి బండలు. గవ్రిలో చిన్న పిడి లాగి లో గేరు వేశాడు. బండి బండలను ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ ఎక్కింది. కాసేపటికి బ్లాజో ఒక సంగతి గమనించాడు. గవ్రిలో కాలు ఏ పెడలు మీదా లేదు. నొప్పి మోకాలు తిన్నగా చాపుకుని కూచున్నాడు. ఇంజను తన బరువు తనే చూసుకుంటూ, ఆగిపోయేంత నెమ్మదిగా, అయినా ఆగకుండా పైకి పోతోంది. ఇందాక వినికిడికి మోటుగా ఉన్న ఆ దడదడలో ఒక్కో దెబ్బా విడివిడిగా తెలుస్తోంది. ప్రతి దెబ్బకూ నాలుగు చక్రాలూ ఒక అడుగు వేస్తున్నాయి. పుస్తకాల్లో అతను చదివిన బలం ఇదే. ఇలా ఉంటుందని మాత్రం ఊహించలేదు.

రాతి కొట్టంలో ఆవు పడుకుని ఉంది. స్తానియా దాని మెడ నిమురుతూ కూచుంది. యాగ్లికా చొక్కా విప్పి, చేతుల్లేని బనీనుతో, కుడి చేయి భుజం దాకా సబ్బు నీళ్లతో కడుక్కుని, గడ్డిలో బోర్లా పడుకుని ఆవు లోపలికి చేయి పెట్టింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా బ్లాజో ఆమె పని చేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. ఇంటికి చేరాక ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకే మాట, "ఈనింది" అని.

"తల వెనక్కి తిరిగిపోయింది," అంది ఆమె కళ్లు మూసుకుని. "డొక్క మీద ఆనించుకుని ఉంది వెధవ. ముందు లోపలికి నెట్టాలి."

నొప్పి వచ్చినప్పుడల్లా ఆవు ఆమె చేతిని ఎముకల మధ్య నొక్కేస్తోంది. యాగ్లికా పెదవి కరిచి ఊరుకునేది. నొప్పి తగ్గగానే మళ్లీ వేళ్లు కదిలేవి. "సరే తల్లీ, సరే. నీ వంతు అయింది, ఇప్పుడు నా వంతు," అని ఆవుతో మెల్లగా మాట్లాడుతూనే ఉంది. ఆమె ముఖంలో కంగారు లేదు. చీకట్లో తెలిసిన ఇంట్లో నడిచే మనిషిలా ఉంది. బ్లాజోకు తన శిష్యుల్లో ఎవరి ముఖంలోనూ, తన ముఖంలోనూ, అలాంటి ఏకాగ్రత చూసిన గుర్తు లేదు.

చాలాసేపటికి, "దొరికింది దవడ," అంది. "ఇప్పుడు దూడ కాళ్లకు కట్టిన తాడు లాగు. నెమ్మదిగా. నేను ఆపమంటే ఆపాలి."

అతను లాగాడు, ఆపాడు, లాగాడు. దూడ ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది. కదల్లేదు. యాగ్లికా దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పింది. దూడ తుమ్మింది. స్తానియా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

తర్వాత స్తానియా గుడిసె ముందు కూచుని కచమాక్ అనే మొక్కజొన్న సంకటి వేడి వేడిగా తిన్నారు. యాగ్లికా ఎడమ చేత్తో తింటోంది. కాఫీ కప్పు అందుకోబోతే కుడి చేతి వేళ్లలోంచి జారిపోయింది.

"ఏమైంది?" అన్నాడు బ్లాజో.

"ఏం కాలేదు. మొద్దుబారింది. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"ఎప్పుడూ ఇంతేనా?"

"దూడ అడ్డం తిరిగినప్పుడు ఇంతే."

"మరి ఇంటికి ఎలా నడుపుతావు?"

"స్టీరింగు మోకాలితో పట్టుకుని, గేరు ఎడమ చేత్తో మారుస్తా. మలుపులో అయితే కొంచెం కష్టం."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నిద్రపోతావా?"

ఆమె ఆలస్యంగా వచ్చిన రోజుల్లో తాను చారు చల్లారిపోయిందని సణిగిన సంగతి గుర్తొచ్చి బ్లాజో తల దించుకున్నాడు.

ఈలోగా మిర్చేటా వైర్లు ఆరబెట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చేశాడు. అతని ఇంజను మళ్లీ పట్టులా తిరుగుతోంది. యాగ్లికా లేచింది.

"రెండూ నేనే నడుపుతా. వాగు దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఇంకోటి."

"ఈ చేత్తోనా?" అన్నాడు గవ్రిలో.

"ఈ చేత్తోనే. బాగున్న చేత్తో నడిపితే ఏం తెలుస్తుంది?"

ముందు పెట్రోలు. అది తేలిగ్గా, మర్యాదగా దిగింది. కానీ బండ వచ్చిన ప్రతిచోటా ఊపు ఆగక గేరు మార్చమంది. ఆమె మోకాలు ఎత్తడం, ఎడమ చేయి అడ్డంగా చాపడం పక్కన కూచున్న బ్లాజో చూస్తూనే ఉన్నాడు. వాగు దాటాక, గవ్రిలో వెనకాల తోలుకొచ్చిన డీజిల్ ఎక్కారు. దారి అక్కడ తేలికైందని మిర్చేటా గొణిగాడు. యాగ్లికా విని, బండిని వెనక్కి తిప్పి, మళ్లీ వాగు దాటి, అవే బండల మీదికి ఎక్కించి దించింది. లో గేరు ఒక్కసారి వేసింది, అంతే. మళ్లీ పిడి ముట్టుకోలేదు. ఎడమ చేయి స్టీరింగు మీద, కుడి చేయి ఒళ్లో.

"డీజిల్," అన్నాడు బ్లాజో.

"నీకు దాని గొంతు నచ్చలేదుగా?"

"నచ్చింది. పొద్దున వినడం రాలేదు."

పల్లెలో బేరం తొందరగానే తెగింది. మిర్చేటా ముఖం చిన్నబోయినా మనసు పెద్దదే. "మా అన్న చెప్పడు గానీ నేను చెబుతా డాక్టరమ్మా. జనవరిలో పొద్దున్నే అది ఓ పట్టాన లేవదు. నాదైతే పిలవగానే పలుకుతుంది."

"లేస్తుంది," అన్నాడు గవ్రిలో. "రాత్రి దాని కింద కరెంటు హీటరు పెట్టాలి. పొద్దున కాస్త బతిమాలాలి."

"బతిమాలడం నా పని," అన్నాడు బ్లాజో.

తారు రోడ్డు ఎక్కాక గేర్లు మార్చక తప్పలేదు. యాగ్లికా క్లచ్ తొక్కి, "మూడు," అంది. బ్లాజోకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత ఎడమ చేయి చాపి పిడి పట్టుకుని, ఇంజను గొంతు తగ్గే సమయం విని, మూడులో వేశాడు. ఎక్కడా గీరుకోలేదు.

"నాలుగు," అంది ఆమె.

ఆ తర్వాత కూడా అతను డ్రైవింగు నేర్చుకోలేదు. బడి లేని రోజుల్లో మాత్రం కొండ పిలుపు వస్తే తనూ బయల్దేరేవాడు. తిరుగు దారిలో ఆమె కుడి చేయి ఒళ్లో పెట్టుకునేది, గేర్లు అతను చూసుకునేవాడు. చలికాలం వచ్చేసరికి ఆమె అంకె చెప్పడం కూడా మానేసింది. క్లచ్ తొక్కేది, అతను వేసేవాడు.