రెండు మోతల గంట

చిలుకూరులో ఉప్పలమ్మకు తెల్లవారడమంటే గంట వినడమే. పేడ ఎత్తి, కుడితి కలిపిన తరువాత, తాతలనాటి కంచుగంటను పశువుల మెడలకు ఒక్కొక్కదానికీ కట్టి చూసేది. ఒట్టి పశువు మెడలో అది ఒక్కమారు మోగేది. చూలుతో ఉన్నదాని మెడలోనైతే వెనువెంటనే మరొకమారు, సన్నగా, లోపలినుంచి ఎవరో బదులు పలికినట్టు మోగేది. ఊరివారికి అది వింత కాదు. ఆవును కొనబోయే ముందు మిర్యాలగూడ మిల్లు షావుకారు సైతం ఆ గంటను అరువడిగి తీసుకుపోయేవాడు.

ఆనాటి ఉదయం గౌరి మెడలో గంట రెండుమార్లు మోగింది. తొలిచూలు. ఆ సంతోషం ఆరకముందే పంచాయతీ మైకు చాటింది: పశువుల చూలు జారిపోయే ఈసుడు రోగానికి టీకా, పెయ్యలన్నింటినీ పశువుల దవాఖానకు తోలుకురావాలని.

భర్త నర్సింహ మరో ఆవుకు పుట్టిన ఆడలేగను విప్పి, గౌరి పలుపుకూ చేయి చాచాడు.

"దాన్నెందుకు ఇప్పుతున్నవ్?"

"మైకుల పెయ్యలన్నరు. ఈననిది పెయ్య గాకపోతే ముసలెద్దయితదా?"

నిరుడు ఇదే మాట విని పొరుగింటి హన్మా చూలుతో ఉన్న తన పెయ్యకు సూది వేయించాడు; కొన్నాళ్లకే అది ఈసుకపోయి చూలు పోగొట్టుకుంది. ఉప్పలమ్మ గంటను కొంగున దాచుకొని వెంట నడిచింది, కాపలా కాయడానికే.

దవాఖాన ముంగిట టీకాలు వేసే రజని, కోదాడ నుంచి వచ్చిన పిల్ల, ఐస్ డబ్బా మూత తీస్తున్నది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ముఖానికి మాస్కు. ఉప్పలమ్మ కనుబొమలు ముడివడ్డాయి.

"మా పశువులకు మంచిదే అయితే నువ్వెందుకు బిడ్డా, గిట్ల మొకం కప్పుకున్నవ్?"

"ఇది చచ్చిన మందు కాదు పెద్దమ్మా, బతికున్నది. ఆ రోగాన్నే బలం తగ్గించి సీసాలో పెట్టారు. నాలుగు నెలలు దాటిన ఆడలేగకు, ఎనిమిది నిండేలోపు వేస్తే మేలు చేస్తుంది. సూడిదానికి వేస్తే ఈసుకపోవచ్చు. సూది జారి నాకు గుచ్చుకుంటే ఆ జ్వరం నాకే పట్టుకుంటుంది." ఆమె చూపు గౌరిపై నిలిచింది. "అయినా ఇంత పెద్దదాన్ని ఎందుకు తెచ్చారు?"

"పెయ్యలన్నరు గద!" అన్నాడు నర్సింహ.

రజని నుదురు కొట్టుకుంది. "మా దిక్కు పెయ్యంటే లేగే బాబాయ్! అట్లా చాటమన్నది నేనే. ముందు దీన్ని అవతల కట్టండి."

గౌరి గండం గడిచింది. ఉప్పలమ్మ అనుమానం గడవలేదు. బుట్టలోని పామును చూసినట్టు ఆ సీసాను చూసి, లేగకు అడ్డంగా నిలిచింది.

"దీనికి గూడ గంట కట్టి సూసినంకనే సూది."

"ఆరు నెలల దూడకు చూలేంటి పెద్దమ్మా!"

"నా అనుమానం నాది."

రజని నవ్వి, గ్లౌజులు విప్పి చేయి చాచింది. "ఇటివ్వండి, నేనే కడతా."

గంట ఆమె చేతిలోకి వచ్చింది. ఒక్కమారు మోగింది. లేగ మెడను ఇంకా తాకనేలేదు. సన్నగా, లోపలినుంచి, మరొకమారు మోగింది.

వరుసలోని వారెవరూ ఆశ్చర్యపడలేదు. ఒకరిద్దరు తలలు మాత్రం దించుకున్నారు. రజని ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఇంతకుముందు రెండుమార్లు ఆమె కడుపు నిలువలేదు. సూర్యాపేట డాక్టర్లకు కారణం అంతుపట్టలేదు. ఆ రెండుమార్లూ ఆమె చేతుల్లో ఇటువంటి సీసాలే ఉండేవి. ఇన్నాళ్లూ రాని అనుమానం ఇప్పుడు వచ్చి ఎదుట కూర్చుంది.

"గౌరికి జెప్పిందే నీక్కూడ బిడ్డా," అన్నది ఉప్పలమ్మ మెల్లగా. "ఈననంతవరకు నువ్వు గూడ పెయ్యవే. ఆ సూది జోలికి పోకు."

రజని ఐస్ డబ్బా మూత వేసి, దూరంగా జరిగి, తోటి ఉద్యోగి శ్యాంసుందర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు రావాలి. నేనిక ఈ టీకా ముట్టను."

అతడు వచ్చి లేగకు సూది వేశాడు. ఈమారు చెవులు పట్టి నిలిపింది ఉప్పలమ్మే. పని ముగిశాక దూరపు బల్ల దగ్గరకు వెళ్లి చేయి చాచింది.

"గంట ఇయ్యి బిడ్డా, పోవాలె."

రజని ఇవ్వలేదు. గంట నాలుకను గుప్పిట బిగించి పట్టుకొని ఉంది. "ఇంకొక్కసారి మోగించనా పెద్దమ్మా?"

"మోగించు. అది అబద్ధమాడది. అనుమానపోళ్లం మనమే."

గుప్పిలి విప్పింది. ఒక మోత. రజని ఊపిరి బిగబట్టింది.

రెండవది వచ్చింది.